ఓకే అంటే విన్నట్టేనా?

పోయిన వేసవిలో నాన్న కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకున్నారు. ఆ సంగతి నాకు మర్నాడు తెలిసింది. "ముందే చెప్పాలి కదా నాన్నా" అని కోప్పడ్డాను. "రెండుసార్లు చెప్పాను కదరా, నువ్వు ఓకే అన్నావు" అన్నారాయన. అనే ఉంటాను. ఆ టైముకి నా కళ్ళు ల్యాప్‌టాప్ మీద, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఉండుంటుంది. ఓకే అన్న గుర్తు కూడా లేదు నాకు. ఆ సిగ్గుతోనే ఈ మాట చరిత్ర వెతకడం మొదలుపెట్టాను.

ఓకే పుట్టుక మీద కథలకి కొదవ లేదు. అమెరికా ఆదివాసుల చోక్తా భాష నుంచి వచ్చిందని ఒక కథ. అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ఇదే నమ్మాడు. అంతకు ముందటి అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగు రాక అలా రాసేవాడని ఇంకో కథ. పాత పత్రికలు తిరగేసి అసలు సంగతి తేల్చినవాడు కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ అలెన్ వాకర్ రీడ్. 1963-64లో 'అమెరికన్ స్పీచ్' పత్రికలో వరుసగా వ్యాసాలు రాశాడు.

ఆయన చూపించిన దాని ప్రకారం ఓకే మొదట ఒక జోకు. 1830ల చివర్లో బోస్టన్ పత్రికలవాళ్ళకి పొడి అక్షరాల పిచ్చి పట్టింది. అదీ కావాలని తప్పు స్పెల్లింగుతో. 'ఆల్ కరెక్ట్'కి పొడి అక్షరాలు ఏ, సీ కావాలి కదా. రెండు మాటలనీ తప్పుగా రాసి ఓ, కే చేశారు. 1839 మార్చి 23న 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్'లో ఇది అచ్చయింది. 'అంతా కరెక్టే' అని చెప్పే మాటలో ఒక్క అక్షరం కూడా కరెక్టు కాదన్నమాట!

అప్పటి జోకులన్నీ పోయాయి. ఇదొక్కటే ఎందుకు మిగిలింది? మరుసటి ఏడాది ఎన్నికలొచ్చాయి. మళ్ళీ పోటీ చేస్తున్న అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. 'ఓల్డ్ కిండర్‌హుక్' అన్న ముద్దుపేరులోనూ ఓ, కే ఉండటంతో ఆయన మనుషులు ఓకే క్లబ్బులు పెట్టారు. జాక్సన్ స్పెల్లింగు కథ పుట్టించింది కూడా ఆ ఎన్నికల్లో అవతలి పక్షమే. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు, మాట గెలిచింది.

తర్వాత తంతి ఆఫీసులు దాన్ని పనిలో పెట్టాయి. అవతలి ఆపరేటర్ నుంచి ఓకే వస్తేనే టెలిగ్రాం అందినట్టు లెక్క. ఆ టెలిగ్రాంలో చావు కబురున్నా, పెళ్ళి కబురున్నా అదే ఓకే. బాగుందని కాదు, అందిందని మాత్రమే.

ఇక్కడ నా ఉద్యోగం గుర్తొచ్చింది. బ్రౌజర్ ఏదైనా పేజీ అడిగితే సర్వర్ మొదట ఒక కోడ్ పంపుతుంది. అంతా సవ్యంగా ఉంటే అది '200 ఓకే'. కానీ పైన 200 ఓకే అని పంపి, లోపల 'ఎర్రర్' అని రాసిన సిస్టమ్స్‌తో ఎన్ని రాత్రులు కుస్తీ పట్టానో! స్క్రీన్ మీది ఓకే బటన్‌కీ ఒక కథ ఉంది. 1980ల మొదట్లో ఆపిల్‌వాళ్ళు లీసా కంప్యూటర్ తయారుచేస్తూ ఆ బటన్ మీద 'డూ ఇట్' అని రాశారు. పరీక్షించడానికి వచ్చిన ఒకాయన దాన్ని 'డోల్ట్' అని చదివి, కంప్యూటర్ తనని మొద్దు అంటోందని నొచ్చుకున్నాడట. దాంతో ఓకే అని మార్చారు. ఎవరినీ నొప్పించని మాట కాబట్టి. మనం చదవకుండానే నొక్కేసేదీ దాన్నే.

తెలుగులోకి వచ్చాక దీనికి ఎన్ని పనులో! "సినిమా ఎలా ఉంది?" "ఓకే" అంటే బాలేదని. "లోన్ ఓకే అయింది" అంటే మంజూరైందని. "ఓకే ఓకే" అంటే ఇక ఆపమని. "ఓకేనా?" అంటే ఒక్కోసారి బెదిరింపు.

ఓకే వచ్చి మన 'సరే'ని మింగేసిందని బాధపడేవాళ్ళున్నారు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ సరే మాత్రం ఎక్కడిది? 'సరి' నుంచే కదా. సరి అంటే ఒప్పు, కరెక్టు. బోస్టన్‌వాళ్ళు జోకుగా నడిచిన దారిలోనే మనవాళ్ళు మామూలుగా నడిచారు. రెండూ తప్పొప్పుల నుంచి బయల్దేరి ఒప్పుకోలు దగ్గర తేలాయి.

'అలాగే' ఇంకొంచెం వేరు. నువ్వు చెప్పిన లాగే అని. అంటే అవతలివాళ్ళు ఏం చెప్పారో తెలిసుండాలి. అలాగని దాన్నీ నెత్తిన పెట్టుకోలేను. మా అమ్మమ్మ "అలాగే నాయనా" అందంటే ఆ పని జరగదని ఇంట్లో అందరికీ తెలుసు.

కాబట్టి తప్పు మాటది కాదు. తంతి ఆఫీసులో గుమాస్తా అక్షరం అక్షరం రాసుకున్నాకే ఓకే కొట్టేవాడు. నేను రాసుకోకుండానే కొట్టాను.

మొన్న నాన్న ఫోన్ చేశారు. వచ్చే నెల రెండో కంటికట. ల్యాప్‌టాప్ మూసేసి, "ఏ తారీఖు? ఎన్నింటికి రమ్మన్నారు? తోడెవరు?" అని అడిగాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తారీఖు చెప్పి, "రాసుకున్నావా?" అన్నారు.