కారంపూడిలో ఒక పూట: యుద్ధభూమిలో పరచిన చాప



ఈ వారము మిమ్మును ఒక నడకకు పిలుస్తున్నాను. ఇంగ్లండు దేశములో పాత సంత పట్టణములకు వెళ్ళినవారికి ఒక చిన్న కాగితము దొరుకుతుంది. దాని మీద ఊరి పటము, చూడవలసిన చోట్లకు వరుస సంఖ్యలు ఉంటాయి. ఇది పూర్వము సంత జరిగిన చోటు, ఇది పాత దేవాలయము, ఇది ఫలానా కాలపు వంతెన అని వ్రాసి ఉంటుంది. చెప్పేవాడు పక్కన లేకపోయినా ఆ కాగితము పట్టుకొని మనిషి తనంతట తానే ఊరు తిరిగి, ఆ ఊరి సంగతి తెలిసికొని వస్తాడు. మన పల్నాటి ఊళ్ళకు చరిత్ర తక్కువేమీ కాదు. కనుక ఈ పుటనే ఆ కాగితముగా చేతపట్టుకొని నాతో కారంపూడి రండి. ఉదయమే బయలుదేరండి. పల్నాటి ఎండ మీకు తెలియనిది కాదు. ఒక సీసాలో నీళ్ళు, తలకు ఒక గుడ్డ ఉంటే చాలును.

బయలుదేరక ముందే కొందరు అడుగుతారు. "అయ్యగారూ, అక్కడ ఉన్నది వీరుల గుడి కదా, విశ్వాసులు అక్కడికి వెళ్ళవచ్చునా?" మంచి ప్రశ్నే. అపొస్తలుల కార్యములు పదునేడవ అధ్యాయము తీసి చూడండి. పౌలు ఏథెన్సు పట్టణములో కండ్లు మూసుకొని నడువలేదు. ఆ ఊరివారు దేనికి మ్రొక్కుచున్నారో నిలిచి చూచాడు, వారు వ్రాసికొన్నది చదివాడు. తరువాతనే మాట్లాడాడు. మనము మ్రొక్కడానికి వెళ్ళడము లేదు, తెలిసికొనడానికి వెళ్తున్నాము. మన పొరుగువాడు దేనిని తలచుకొని కన్నీరు పెడతాడో తెలియకుండా అతనిని ప్రేమిస్తున్నామని చెప్పడము ఎంతవరకు సబబు?

మొదటి మజిలీ, ఊరు. కారంపూడి నేడు పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రము. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్య పట్టణముగా ఈ జిల్లా ఏర్పడింది. చుట్టూ మిరప, పత్తి పండే చేలు, నాపరాతి నేల. పక్కనే కృష్ణలో కలిసే నాగులేరు. బస్సు దిగి ఒక్క నిమిషము నిలువండి. మామూలు ఊరే. కొట్లు, ఆటోలు, టీ బంకులు. అయితే 12వ శతాబ్దపు చివరి భాగములో పల్నాటి యుద్ధము జరిగినది ఇక్కడే. 1182 ప్రాంతమని సాధారణముగా చెప్తారు.

కథ చాలామందికి తెలిసినదే. హైహయ వంశపు అనుగురాజు ఈ సీమను ఏలాడు. ఆయన తరువాత కుమారుల మధ్య రాజ్యము రెండయింది. నలగామరాజుకు గురజాల, మలిదేవరాజుకు మాచర్ల. గురజాల పక్షమున మంత్రిణి నాయకురాలు నాగమ్మ. మాచర్ల పక్షమున బ్రహ్మనాయుడు. కోడిపందెములో ఓడి మాచర్లవారు ఏడేండ్లు వలస వెళ్ళారు. గడువు తీరి తిరిగి వస్తే రాజ్యము ఇవ్వలేదు. రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలి అయ్యాడు. అతడు నలగామరాజుకు స్వయానా అల్లుడు. ఇక మాటలకు చోటు లేక ఇరు పక్షములవారు ఈ నాగులేటి ఒడ్డుకు వచ్చారు.

ఇది పాడుకొనే కథగా మనకు చేరిందని మరువవద్దు. శ్రీనాథ కవి పల్నాటి వీరచరిత్రను ద్విపదలో వ్రాసినది 15వ శతాబ్దములో, అనగా యుద్ధము ముగిసిన రెండు శతాబ్దములకు పైబడిన తరువాత. మాచర్లవారి వైపు నుండి చెప్పిన కథ కనుక నాగమ్మకు నిందలే ఎక్కువ దక్కాయి. ఒక స్త్రీ ఆ దినములలో మంత్రిత్వము నడిపిందన్న గొప్ప సంగతిని మనవారు ఆమె పన్నాగముల కథల క్రింద పాతిపెట్టారు. ఏ కథ విన్నా చెప్పేది ఎవరో అడగండి.

రెండవ మజిలీ, వీరుల గుడి. ఎవరిని అడిగినా దారి చూపుతారు. చెప్పులు బయట విడువండి, ఫోటో తీయాలంటే అక్కడివారిని అడిగి తీయండి. మర్యాద మన సాక్ష్యములో ఒక భాగము. ఇక్కడ యుద్ధములో పడిన వీరులను తలచుకొంటారు. అరువది ఆరుగురు వీరనాయకులని లెక్క చెప్తారు. కొణతములు అని పిలిచే ఆయుధములను ఆ వీరుల గుర్తుగా భక్తితో కాపాడుకొంటారు. ఏటేటా కార్తీక అమావాస్యకు మొదలై ఐదు దినములు ఉత్సవము జరుగుతుంది. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. ఊరూరి నుండి వీరాచారవంతులు తమ కొణతములు తీసికొని వస్తారు.

ఈ కథను తరతరాలుగా నోట పాడి నిలిపినవారు వీరవిద్యావంతులు. వీరిలో ఎక్కువమంది మాల కులమునకు చెందినవారు. ఇది మనసులో పెట్టుకోండి. అక్కిరాజు ఉమాకాంతము గారు 1911లో ఈ గ్రంథమును అచ్చు వేయించకముందు, 1947లోను, 1966లోను 'పల్నాటి యుద్ధం' పేరుతో సినిమాలు రాకముందు, వందల సంవత్సరములు ఈ సీమ జ్ఞాపకము ఉన్నది ఊరి వెలుపల ఉంచబడినవారి గొంతులో. ఊరు వారిని వెలుపల పెట్టింది. వారు ఊరి చరిత్రను లోపల దాచిపెట్టారు.

మూడవ మజిలీ, నాగులేటి ఒడ్డు. ఏరు ఎండిన రోజులలో వెళ్ళినా ఫరవాలేదు. ఒడ్డున కూర్చుండి లెక్క వేయండి, ఈ యుద్ధములో గెలిచినదెవరు? కథ ప్రకారము బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు, పెండ్లి చేసికొన్న మాంచాలను విడిచి వచ్చి ఇక్కడ పడిపోయాడు. మలిదేవాదులు పోయారు. గురజాల సేన పోయింది. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలములోనికి వెళ్ళిపోయాడని చెప్తారు. యుద్ధములో చేయి కలిపిన వెలనాటి చోళుల బలము కూడ తగ్గిందని, తరువాత ఈ తీరసీమ కాకతీయుల చేతికి పోవడానికి అది దోహదపడిందని చరిత్రకారులు వివరిస్తారు. అన్నదమ్ములు పోట్లాడుకొన్నారు, ఇల్లు మూడవవాడు తీసికొన్నాడు. కోర్టుల చుట్టూ తిరిగే కుటుంబములకు, రెండుగా చీలిన సంఘములకు ఇంతకంటె ప్రసంగము కావాలా?

నాల్గవ మజిలీకి వేరే చోటికి నడువనక్కరలేదు. ఉత్సవపు మూడవ దినమున, మందపోరు నాడు వస్తే మీ కండ్లతోనే చూస్తారు. చాపకూడు. కూడు అనగా అన్నము. కులము అడుగకుండా అందరిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టి ఒకే అన్నము పెట్టడము. దీనిని మొదలుపెట్టినది బ్రహ్మనాయుడే అని ఈ సీమ నమ్మకము. మాల కులమున పుట్టిన కన్నమదాసును ఆయన కుమారునిగా చేరదీసి, సేనను నడిపే పదవి ఇచ్చాడు. బాలచంద్రుని కథలోను ఇలాంటి ఘట్టము ఒకటి ఉన్నది. వేర్వేరు కులముల నుండి వచ్చిన అతని తోడివారు యుద్ధానికి బయలుదేరుతూ భోజనానికి కూర్చున్నప్పుడు, తల్లి ఐతాంబ కులమును బట్టి వేరు వేరు పాత్రలలో వడ్డిస్తుంది. చావుకు కలిసి వెళ్ళేవారికి అన్నము దగ్గర భేదమేమిటని వారు ఆ తేడాను త్రోసివేసి కలిసి తింటారు.

ఆలోచించండి ప్రియులారా. ఎనిమిది వందల సంవత్సరములకు పైగా గడిచాయి. రాజుల కోటలు పోయాయి. పందెములో గెలిచిన కోడి పోయింది, అది గెలిచి ఇచ్చిన రాజ్యము పోయింది. చాప మిగిలింది. పల్నాడు అంటే పౌరుషమని, పగలని లోకము చెప్పుకొంటుంది. కాని ఈ ఊరు ప్రతి సంవత్సరము కత్తులతో పాటు అన్నము గిన్నెను కూడ బయటికి తీస్తుంది.

అయితే సత్యము పూర్తిగా చెప్పుకోవాలి. ఏడాదికి ఒక దినము చాప పరచిన ఈ సీమలోనే, తక్కిన దినములలో బావులు వేరుగా ఉన్నాయి, టీ గ్లాసులు వేరుగా ఉన్నాయి, స్మశానములు వేరుగా ఉన్నాయి. పండుగ నాటి పంక్తి మరుసటి ఉదయము వీధిలో నిలువలేదు. దీనికి మనము వారిని తప్పు పట్టేముందు ఐదవ మజిలీకి రండి.

ఐదవ మజిలీకి బస్సు ఎక్కాలి. కారంపూడి నుండి గురజాల దూరమేమీ కాదు. కథలో ఎదుటి పక్షపు రాజధాని అదే. మన సంఘ చరిత్రలో అది మరొక కారణమున ముఖ్యమైనది. జర్మనీలో 1793లో పుట్టి, అమెరికా నుండి లూథరన్ మిషనరీగా 1842 జూలై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్, 1849లో పల్నాడు వచ్చి గురజాల కేంద్రముగా పని చేశాడు. అప్పటికి ఆయన వయస్సు యాభై దాటింది. మధ్యలో స్వదేశము వెళ్ళినప్పుడు వైద్యము కూడ నేర్చుకొని వచ్చాడు. రైలు లేదు, మంచి బాట లేదు, జ్వరముల సీమ. సేవ ప్రారంభించడానికి ఆ వయస్సు మించిపోయిందని ఆయన అనుకోలేదు.

ఆ తరువాత బాప్టిస్టు సేవ ఒంగోలు నుండి ఇటు వ్యాపించింది. 1883లో నరసరావుపేట, వినుకొండ మిషను కేంద్రములయ్యాయి. ఒంగోలులో క్లౌ దొరగారి తొలి సంవత్సరములలో జరిగిన సంగతి మన పెద్దలు చెప్పుకొనేదే. అగ్రకులములవారు కొందరు సువార్త విని దగ్గరకు వస్తున్నారు. అదే సమయములో మాదిగ పల్లెల నుండి విశ్వాసులు బాప్తిస్మము కోరి వచ్చారు. వీరిని చేర్చుకొంటే మేము రామని వారన్నారు. దొరగారు, దొరసాని వేర్వేరు గదులలో వాక్యము తెరిస్తే ఇద్దరికి దొరికినది మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయపు చివరి భాగమే. లోకము తక్కువగా చూచినవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడని అక్కడ ఉన్నది. ఆయన పల్లెవారిని చేర్చుకొన్నాడు. కరవు తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. మన తాతముత్తాతలలో అనేకులకు సంఘపు తలుపు తెరుచుకొన్నది ఆ నిర్ణయము వలననే. ఎవరో ఒకరు చాపను మడిచిపెట్టక పరచి ఉంచారు గనుక మనము నేడు కూర్చున్నాము.

మరి నేడు? గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయము చదవండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనము చేశాడు. తనవారు కొందరు యెరూషలేము నుండి రాగానే మెల్లగా వెనుకకు తీసికొన్నాడు. చాప మీద నుండి లేచాడు. పౌలు అందరి యెదుటనే అడిగాడు. ఆ అధ్యాయము మన ఊళ్ళలో ప్రతి ఆదివారము జరుగుతున్నది. ఒకే ఊరిలో ఈ పేటవారికి ఒక సంఘము, ఆ పేటవారికి మరొక సంఘము. విశ్వాసము ఒకటే, కీర్తనల పుస్తకము ఒకటే, పేట వేరు. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచి తిని, పెండ్లి సంబంధము మాట వచ్చేసరికి ముందుగా అడిగేది ఏమిటి? మీరెవరు అని. ఆ ప్రశ్నలో ఉన్న అర్థము మనకు తెలుసు, అడిగించుకొన్న పిల్లలకు ఇంకా బాగుగా తెలుసు. వారిలో కొందరు అందువలననే సంఘము గడప దాటి వెళ్ళిపోతున్నారు.

బ్రహ్మనాయుని చాప ఏడాదికి ఒకసారి. మన బల్ల నెలకు ఒకసారి. సంఖ్యలో మనమే ముందున్నాము. కాని బల్ల దగ్గరి నుండి లేచిన తరువాత సంగతి ఏమిటి?

కనుక చివరి మజిలీకి ఎవరూ దారి చూపనక్కరలేదు. అది మీ ఊరే. ఈ వారములో ఒక సాయంకాలము ఇదే విధముగా మీ ఊరిలో నడువండి. మీ దేవాలయము నుండి బయలుదేరి, మీరు ఎన్నడూ అడుగుపెట్టని పేట వరకు వెళ్ళండి. ఎన్ని అడుగులో లెక్కపెట్టండి. అక్కడ ఒక విశ్వాసి ఇంట కూర్చుండి వారు పెట్టినది తినండి, మరుసటి ఆదివారము మధ్యాహ్నము వారిని మీ ఇంటికి భోజనమునకు పిలవండి. యౌవనస్థుల కూడిక నడిపేవారు మీ పిల్లలను ఒక శనివారము కారంపూడి తీసికొని వెళ్ళండి. నాగులేటి ఒడ్డున కూర్చుండబెట్టి ఈ కథ చెప్పండి, తరువాత అక్కడే తెచ్చిన అన్నము అందరికి ఒకే పాత్రలో నుండి వడ్డించండి. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చున్నారో మీరు గమనించండి.

విరిచిన రొట్టెతో దూరమైనవారిని దగ్గర చేసిన ప్రభువు మన ఇండ్లలో చాప పరచుటకు మనకు ధైర్యమిచ్చును గాక. ఆమేన్.