పగిలిన పింగాణీలో తారీఖ్

మా షాద్‌నగర్ పేరులో ఒక తఖల్లుస్ ఉంది. నిజాం రియాసత్‌కు రెండుసార్లు ప్రధాని అయిన మహారాజా కిషన్ పర్షాద్ ‘షాద్’ పేరుతో షాయిరీ రాసేవారు. ఆయన పేరు ఊరికి మిగిలింది గానీ, ఆ జమానా దేవ్డీలు చాలావరకు మిగల్లేదు. సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో మొదలైంది ఆ ఖాందాన్ దివాన్ దేవ్డీలోనే. 1968లో మ్యూజియం కొత్త ఇమారత్‌కు మారింది. దేవ్డీకి ఇప్పుడు దర్వాజాలే నిషానీ.

పాత ఇల్లు కూలితే కమానులు, జాలీలు, పింగాణీ ముక్కలు కబాడీకి పోతాయి. చండీగఢ్‌లో నేక్‌చంద్ ఇంకో రాస్తా చూపారు. ముల్క్ తక్సీమ్‌లో సొంతూరు పోగొట్టుకొని, అక్కడ రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరారాయన. కొత్త షహర్ కోసం కూల్చిన పల్లెల్లోని గాజు ముక్కలు, పెంకులు సైకిల్ మీద తెచ్చి, 1957 నుంచి అడవిలో చాటుగా బొమ్మలు చేశారు. 1976లో అదే రాక్ గార్డెన్‌గా తెరుచుకుంది. మన తెనాలి శిల్పులూ ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు.

శంషాబాద్‌కు 2008లో ఎయిర్‌పోర్ట్ వచ్చింది. మన వైపు జమీన్ ధర పెరిగింది. దాదా కట్టిన ఇల్లు కూల్చక తప్పకపోతే, ఒక జాలీ, నాలుగు పెంకులైనా కొత్త ఇంటి బగీచాలో నిలబెట్టండి. అవి ఎవరి ఇంటివో పిల్లలకు చెప్పండి.