సరిహద్దున ఆగిన బస్సు: అత్తిబెలె కథ



అనంతపురం దగ్గర జాతీయ రహదారి మీద నిలబడి బెంగళూరు బస్సు కోసం ఎదురుచూసినవారు మీలో చాలామందే ఉంటారు. ఆ రోడ్డు బెంగళూరుతో ఆగదు. నగరం దాటి, బొమ్మసంద్ర, చందాపురం మీదుగా అత్తిబెలె చేరి, అక్కడ కర్ణాటకను వదిలి తమిళనాడులో అడుగుపెడుతుంది. పాతవాళ్ళు దాన్ని ఏడో నెంబరు రోడ్డు అనేవారు. 2010లో నెంబర్లు మార్చాక 44 అయింది. అత్తిబెలె ఆనేకల్ తాలూకాలోని చిన్న ఊరు. గీతకు అవతల జూజువాడి, దాని వెనుక హోసూరు. బోర్డుల మీద ఇటు కన్నడం, అటు తమిళం. బస్సు ఎక్కి చెవి ఒగ్గితే మాత్రం రెండు వైపులా మన తెలుగు వినబడుతుంది.

ఈ గీత 1956లో భాషా రాష్ట్రాలతో పుట్టింది కాదు. 1799లో టిప్పు సుల్తాను పతనం తరువాత హోసూరు ప్రాంతం కుంఫిణీ చేతికి వెళ్ళి సేలం జిల్లాలో చేరింది. ఆనేకల్ మైసూరు రాజ్యంలో ఉండిపోయింది. అంటే పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్ళ మధ్య ఈ గీత రెండు వందల ఏళ్ళ నాటిది. అయితే మోటారు బస్సు వచ్చాక దానికి కొత్త అర్థం వచ్చింది. కాలినడకన పోయేవాడికి పర్మిట్ అక్కర్లేదు, బస్సుకు కావాలి.

ప్రభుత్వమే బస్సులు నడపడం మన వైపు నిజాం రాజ్యంలో 1932లో, 27 బస్సులతో మొదలైంది. మైసూరు ప్రభుత్వం 1948 సెప్టెంబరులో రవాణా శాఖను తెరిచింది. 1961లో అది కార్పొరేషన్ అయింది. 1997లో బెంగళూరు నగర బస్సులు వేరే సంస్థ కిందికి వెళ్ళాయి. తమిళనాడులో 1970ల మొదట్లో ప్రభుత్వ సంస్థలు వచ్చాయి. ఎవరి బస్సు వారిది, ఎవరి లెక్క వారిది. ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ రెండో రాష్ట్రంలో చెల్లాలంటే అక్కడి అధికారుల సంతకం కూడా పడాలి. ఎన్ని బస్సులు, ఏ దారిన అన్నది రెండు ప్రభుత్వాలూ కూర్చుని ఒప్పందం రాసుకోవాలి. కార్ఖానా షిఫ్టు ఆ ఒప్పందం కోసం ఆగదు కదా!

ఆ ఖాళీలోకి వచ్చినవే టెంపోలు, మ్యాక్సీ క్యాబులు, షేర్ ఆటోలు. ఇటు బొమ్మసంద్ర, అత్తిబెలె, అటు హోసూరు సిప్కాట్ పెరిగేకొద్దీ ఇవీ పెరిగాయి. చట్టంలో ఇక్కడొక మెలిక ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం దారిలో ఆపి మనుషులను ఎక్కించుకుని, తలకింత అని వసూలు చేసే బండి ఒక తరగతి. మొత్తంగా బాడుగకు మాట్లాడుకుని పోయే బండి మరొక తరగతి. ఆటోది రెండో తరగతి పర్మిట్. షేర్ ఆటో చేసే పని మొదటిది. అందుకే పోలీసు కనబడగానే ఆటోవాడు ఇద్దరిని ముందే దింపేస్తాడు. అతనిది తప్పే కావచ్చు. కానీ రాత్రి షిఫ్టు దిగిన మనిషిని ఇల్లు చేర్చేది ఎవరో కూడా ఆలోచించాలి.

గీత బరువు గొడవల రోజున తెలుస్తుంది. 2016 సెప్టెంబరులో కావేరి నీళ్ళ వివాదం రగిలి, 12వ తేదీన బెంగళూరులో బస్సులు తగలబడ్డాయి. రెండు రాష్ట్రాల మధ్య బస్సులు నిలిచిపోయాయి. జనం అత్తిబెలె దగ్గర దిగి, మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లలను చంకనేసుకుని జూజువాడి దాకా నడిచి, అవతల ఇంకో బస్సు ఎక్కారు. తిరిగి వచ్చేవాళ్ళదీ అదే నడక. నీళ్ళ తగాదా వాళ్ళు తెచ్చింది కాదు, నడిచింది మాత్రం వాళ్ళు.

మంచి రోజుల్లోనూ చిన్న చిక్కులున్నాయి. తమిళనాడులో 2021 మే నుంచి మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. కర్ణాటకలో 2023 జూన్ 11న శక్తి పథకం వచ్చింది. అది కర్ణాటక వాసులైన స్త్రీలకు, చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. హోసూరులో కాపురముండి అత్తిబెలెలో పని చేసే తెలుగు తల్లి గీత దాటాక టికెట్ కొనాల్సిందే. రోజుకు రెండు టికెట్లు, నెలకు ఎంతవుతుందో లెక్క మీరే వేసుకోండి.

2025 ఆగస్టులో మెట్రో రైలు బొమ్మసంద్ర దాకా వచ్చింది. అక్కడ దిగినవాళ్ళు అత్తిబెలెకు మళ్ళీ బస్సో ఆటోనో వెతుక్కోవాలి. రైలు ఎంత దూరం వచ్చినా చివరి మైళ్ళ బాధ్యత చిన్న బండిదే.

శ్రోతలారా, చిత్తూరులోనైనా, కోలారులోనైనా, మీ ఊరి పొలిమేరలోనూ ఇలాంటి గీత ఒకటి ఉండే ఉంటుంది. ప్రభుత్వాలు బస్సు దారులు గీసే ముందు ఒక పొద్దున అక్కడ నిలబడి, ఎవరు ఎటు నడుస్తున్నారో చూస్తే చాలు. దారి ఎక్కడ వేయాలో ఆ కాళ్ళే చెబుతాయి.