రెండు వేలు, పాతిక కిలోల బియ్యం

హైదరాబాద్‌లో సైదాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఏ సందులోకి తిరిగినా ఓ ప్రైవేటు బడి బోర్డు కనిపిస్తుంది. చాలాచోట్ల అది ఒకప్పుడు ఎవరో కాపురమున్న ఇల్లే. ఈ బళ్ళు నిన్నమొన్నటివి కావు. 2000 తర్వాత విద్యా పరిశోధకుడు జేమ్స్ టూలీ బృందం ఇక్కడికి పక్కనే ఉన్న బండ్లగూడలోనూ, బహదూర్‌పుర, చార్మినార్‌లలోనూ గల్లీగల్లీ తిరిగి లెక్క తీస్తే 918 బళ్ళు తేలాయి. ప్రభుత్వానివి మూడో వంతుకు కాస్త ఎక్కువ. దాదాపు నాలుగో వంతు బళ్ళకు అసలు గుర్తింపే లేదు.

ఈ లెక్క తెలియకపోతే కరోనా కాలంలో టీచర్లు పడ్డ వేదన సగమే అర్థమవుతుంది.

చిన్న బడిలో టీచరు జీతం పిల్లల ఫీజులోంచే రావాలి. ఫీజు బాకీలు వార్షిక పరీక్షల ముందు గానీ తీరవు. 2020 మార్చి 16న బళ్ళు మూతపడింది సరిగ్గా ఆ అదనులోనే. మధ్యలో ఆగిన పదో తరగతి పరీక్షలు జూన్‌లో రద్దయ్యాయి. ట్యూషన్ ఫీజు ఒక్కటే, అదీ నెలనెలా తీసుకోవాలని ఏప్రిల్‌లో జీవో 46 వచ్చింది. పనులు పోయిన తల్లిదండ్రులకు అది న్యాయమే. అయితే ఆ ఫీజూ రాని బడిలో టీచరు చేతికి వచ్చేదేమిటి?

ప్రభుత్వ టీచర్లకు కొన్ని నెలలు సగం జీతం ఆగినా ఉద్యోగం నిలిచింది. సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు టీచర్లలో కొందరు సగం జీతానికే ఫోన్‌లో పాఠం చెప్పారు, కొందరికి అదీ లేదు. రాష్ట్రంలో టిఫిన్ బండి పెట్టినవారు, కూరగాయలు అమ్మినవారు, ఉపాధి హామీ పనికి వెళ్ళినవారు ఉన్నారు. నిన్నటిదాకా సార్, మేడమ్ అని పిలిచిన పిల్లల ఎదుట తట్ట మోయడం ఎంత నలిపేస్తుందో ఏ జీతపు లెక్కా చెప్పదు.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, ఆపై తరగతులు తెరిచారు. ప్రాణం కుదుటపడేలోగా, మార్చి 24న మళ్ళీ మూత. మొదటిసారికన్నా ఇదే పెద్ద దెబ్బ. అప్పటికి దాచుకున్నదంతా అయిపోయింది. ఏప్రిల్ 8న ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, రేషన్ దుకాణంలో 25 కిలోల బియ్యం ప్రకటించింది. లక్షమందికి పైగా అందుకున్నారు. ఆ బియ్యం ఎన్నో పొయ్యిలు వెలిగించింది.

కానీ ఆ సాయం గుర్తింపు ఉన్న బళ్ళలో పనిచేసేవారికే. బోర్డు మీద గుర్తింపు సంఖ్య లేని బడి టీచరు 2021 సెప్టెంబరు 1న గేటు తెరిచేదాకా తన దారి తానే చూసుకోవలసి వచ్చింది.