చిలుక బరువు: కంటికి కనిపించనిది తూకం చెబుతుంది

పెంపుడు చిలుక ఆరోగ్యాన్ని చాలామంది దాని మాటను బట్టి, తిండిని బట్టి అంచనా వేస్తారు. పిలిస్తే పలుకుతున్నది, పెట్టినదంతా తింటున్నది, కనుక కులాసాగా ఉన్నదని తలుస్తారు. చంద్రపూర్, బల్లార్పూర్, రాజురా ప్రాంతాలలో తెలుగువారు ‘చిలుక’ అన్నా, పొరుగు మరాఠీవారు ‘పోపట్’ అన్నా ఈ నమ్మకం మాత్రం ఒక్కటే. అయితే పక్షి దేహం ఈకల చాటున దాగి ఉంటుంది. చిక్కి శల్యమైన చిలుక, కొవ్వు పట్టిన చిలుక దూరం నుండి చూసేవారికి ఒకే తీరుగా కనిపిస్తాయి. ఈకల వెనుక ఉన్న నిజాన్ని ఇంటివద్దనే తెలుసుకోవడానికి రెండు సాధనాలున్నాయి. ఒకటి గ్రాములు చూపే తూకం, రెండవది రొమ్ము ఎముకపై వేలి స్పర్శ.

చిలుకలలో స్థూలకాయానికి త్వరగా లోనయ్యేది అమెజాన్ జాతి. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా, కరీబియన్ దీవులు వీటి స్వస్థలం. పొట్టి తోక, బలిష్ఠమైన దేహం, ఎక్కువగా ఆకుపచ్చ రంగు వీటి గుర్తులు. సరైన పోషణ లభిస్తే 40 నుండి 60 సంవత్సరాలు జీవించగల ఈ పక్షి, పంజరంలో కదలిక లేక, నూనె గింజలు తిని, అందులో సగం ఆయుష్షు కూడా పూర్తిచేయకుండానే మరణించవచ్చు.

ముందుగా చట్టం

మన రామచిలుక, దానికంటె పెద్దదై భుజాలపై ఎర్ర మచ్చ కలిగిన ‘పహాడీ’ చిలుక భారతదేశపు అడవి పక్షులు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వీటిని పట్టుకోవడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం నేరం. దేశీయ పక్షుల వ్యాపారం 1990-91 లోనే నిషిద్ధమైనది. 2022లో చట్టానికి జరిగిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అమెజాన్ చిలుకలు విదేశీ జాతులు కనుక వాటిని పెంచుకొనవచ్చును. కానీ 2024లో వెలువడిన నిబంధనల ప్రకారం ‘పరివేష్’ పోర్టల్ ద్వారా నమోదు చేయించడం తప్పనిసరి. ఆ పక్షి చేతులు మారినా, పిల్లలు పుట్టినా, మరణించినా తెలియజేయవలసి ఉంటుంది.

ఇంట్లో రామచిలుక ఉన్నవారు దానిని హఠాత్తుగా ఆకాశంలోకి వదలివేయడం దయ అనిపించుకోదు. పంజరంలో పెరిగిన పక్షికి తిండి వెదకుకోవడం, గద్దనుండి తప్పించుకోవడం తెలియదు. మహారాష్ట్ర అటవీశాఖ సహాయ సంఖ్య 1926కు తెలిపి, వారికి అప్పగించడమే సరైన మార్గం.

ఎంత బరువు ఉండాలి

నారింజ రెక్కల అమెజాన్ సుమారు 300 నుండి 400 గ్రాములు, నీలి నుదుటి అమెజాన్ సుమారు 350 నుండి 450 గ్రాములు, పసుపు మెడ అమెజాన్ సుమారు 450 నుండి 600 గ్రాములు తూగుతాయి. పోలికకు చెప్పవలెనంటే మన రామచిలుక బరువు 100 నుండి 140 గ్రాములు మాత్రమే.

ఈ అంకెలు దారి చూపేవే గాని తీర్పు చెప్పేవి కావు. ఒకే జాతిలోనూ చిన్న ఎముకల పక్షి, పెద్ద ఎముకల పక్షి ఉంటాయి. 420 గ్రాములు ఒక పక్షికి సరియైన బరువు కాగా, మరొకదానికి అధిక బరువు కావచ్చు. అందుచేత పక్షి ఆరోగ్యంగా ఉన్న కాలంలో దాని సొంత బరువును రాసిపెట్టుకొని, తరువాతి బరువులను దానితోనే పోల్చవలెను.

తూచే పద్ధతి

ఒక గ్రాము తేడా కూడా చూపగల వంటింటి డిజిటల్ తూకం చాలును. ప్రతిసారీ ఒకే వేళలో, అనగా ఉదయం మొదటి రెట్ట వేసిన తరువాత, తిండి పెట్టడానికి ముందు తూచవలెను. తూకంపై చిన్న కొయ్య అమర్చి, దాని బరువును సున్నాగా సరిచేసి, పక్షిని దానిపై నిలబడేలా అలవాటు చేయవచ్చు. బెదరే పక్షిని గాలి ఆడే చిన్న పెట్టెలో ఉంచి తూచవచ్చు.

ఆరోగ్యంగా ఉన్న పక్షిని వారానికి ఒకసారి, జబ్బుపడిన పక్షిని ప్రతిరోజూ తూచడం మంచిది. గోడకు వేలాడే కాలనిర్ణయ్ గడిలో ఆనాటి అంకె రాసిపెడితే వేరే పుస్తకం అక్కరలేదు. 400 గ్రాముల చిలుక 40 గ్రాములు తగ్గడమంటే 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గడంతో సమానం. పదో వంతు బరువు మారితే, పక్షి ఎంత హుషారుగా కనిపించినా పశువైద్యుని సంప్రదించవలసినదే.

రొమ్ము ఎముక పరీక్ష

పక్షి రొమ్ము మధ్యలో పైనుండి కిందికి నిట్రంగా ఒక ఎముక ఉంటుంది. దానికి ఇరువైపుల ఎగరడానికి తోడ్పడే కండరాలుంటాయి. పెంకుటింటి కప్పును ఊహించుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. ఎముక కప్పు కొనవంటిది, కండరాలు ఇరువైపుల వాలు వంటివి.

చూపుడు వేలితో మెల్లగా తడిమినప్పుడు ఎముక అంచు తెలుస్తూ, ఇరువైపుల కండ నిండుగా, కొద్దిగా గుండ్రంగా ఉంటే పక్షి సరియైన స్థితిలో ఉన్నట్లు. ఎముక కత్తి అంచులా పైకి తేలి, పక్కలు లోతుగా పోయి ఉంటే చిక్కినట్లు. ఎముక వేలికి దొరకకుండా, కండ దానికంటె పైకి ఉబ్బి, నడుమ గాడివలె తోస్తే కొవ్వు పట్టినట్లు. రొమ్ముపై, పొట్టపై ఈకలను నీటితో తడిపి పక్కకు తొలగించినపుడు చర్మం కింద పసుపు రంగు కొవ్వు కనిపించడం కూడా స్థూలకాయానికి గుర్తే. పరీక్షించేటప్పుడు రొమ్మును గట్టిగా అదిమి పట్టరాదు. రొమ్ము కదలకపోతే పక్షికి ఊపిరి ఆడదు.

ప్రేమే పగ అయ్యే తీరు

చిలుకకు ప్రేమతో పెట్టేవి సాధారణంగా పల్లీలు, పొద్దుతిరుగుడు గింజలు. ఈ రెండింటి పప్పులోనూ బరువులో దాదాపు సగం నూనెయే. అడవిలో చిలుక ఆహారం కోసం దూరాలు ఎగురుతుంది, కొమ్మలు ఎక్కుతుంది, కాయలు ఒలుస్తుంది. పంజరంలో గిన్నె ముక్కు ముందే ఉంటుంది. రెక్కలు కత్తిరిస్తే ఉన్న కాస్త వ్యాయామమూ పోతుంది. దానికి తోడు ఇంటిల్లిపాదీ తలా ఒక బిస్కెట్టు ముక్క, చపాతీ ముక్క, వేయించిన పదార్థం అందిస్తారు. ఎవరికి వారు పెట్టినది కొంచెమే. పక్షికి చేరినది మాత్రం అంతా కలిపి.

ఇందువల్ల కాలేయంలో కొవ్వు పేరుకొంటుంది, రక్తనాళాలు గట్టిపడతాయి, చర్మం కింద కొవ్వు గడ్డలు లేస్తాయి. ముక్కు అతిగా పెరగడం, కొద్దిపాటి కదలికకే ఆయాసపడటం కాలేయం చెడిందనడానికి సూచనలు కావచ్చు. కొవ్వు ఇంత ఎక్కువైనా, గింజలలో విటమిన్ ఎ, కాల్షియం తక్కువ కావడంతో ఆ పక్షి పోషకాహార లోపంతోనూ బాధపడుతూ ఉంటుంది.

చంద్రపూర్ వేసవి 45 డిగ్రీలు దాటడం ఇక్కడివారికి కొత్త కాదు. పక్షికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు దేహానికి దూరంగా పట్టి వేడిని బయటకు పంపుతుంది. కొవ్వు ఆ వేడిని లోపలే నిలుపుతుంది, గాలితిత్తులపై ఒత్తిడి కలిగిస్తుంది. ఈ కారణంగా ఏప్రిల్, మే నెలలు లావైన చిలుకకు గండకాలం. నీడ, చల్లని నీరు, స్నానానికి వెడల్పైన గిన్నె అమర్చవలెను. పంజరం కూలరు గాలికి సూటిగా ఉండరాదు.

తిండి మార్చే విధానం

పక్షిని పస్తు పెట్టి సన్నబరచడం అత్యంత ప్రమాదకరం. కొవ్వు పట్టిన కాలేయం గల చిలుక ఒకటి రెండు రోజులు తిండి మానినా ప్రాణం మీదికి రావచ్చు. గింజలను కొన్ని వారాలలో క్రమంగా తగ్గిస్తూ, చిలుకల కోసం తయారుచేసిన పెల్లెట్లు, కూరగాయలు పెంచుతూ పోవలెను. ఈ మార్పు సాగినన్నాళ్లూ ప్రతిరోజూ తూచడం తప్పనిసరి. కొత్త తిండిని చూసి పక్షి తింటున్నట్లు నటించి పారవేయవచ్చు, ఆ సంగతిని తూకమే పట్టిస్తుంది.

మన సంతలో దొరికే మునగాకు, క్యారెట్టు, గుమ్మడి, తోటకూర విటమిన్ ఎ కలిగినవి. పండు మిరపకాయ కూడా పెట్టవచ్చు. మనకు మంట పుట్టించే పదార్థం పక్షులకు కారంగా తోచదు. పల్లీ గింజను గిన్నెలో కాక, చెప్పిన మాట విన్నందుకు బహుమానంగా ఒకటి చొప్పున ఇవ్వవలెను. ఆకుల్లో, కాగితపు మడతల్లో తిండి దాచి వెదకుకొనేలా చేస్తే అదే వ్యాయామం. అవకాడో, చాక్లెట్టు, కాఫీ, మద్యం విషతుల్యం. ఉప్పు, నూనె తగిలిన మన వంటకాలు పనికిరావు.

బరువు తగ్గినప్పుడు

అడవిలో బలహీనత బయటపడిన పక్షి శత్రువుకు ఆహారమవుతుంది. అందుచేత చిలుక తన జబ్బును చివరిదాకా దాచుకొంటుంది. ఈకలు ఉబ్బించి కునుకుతూ పంజరం అడుగున కూర్చొనే నాటికి వ్యాధి ముదిరిపోయి ఉండవచ్చు. తూకంలో తగ్గుదల అంతకు ఎన్నో రోజుల ముందే కనిపించవచ్చు. చిలుకల నుండి మనుషులకు సోకే జ్వరం కూడా ఉన్నందున, జబ్బు పక్షిని తాకిన తరువాత చేతులు సబ్బుతో కడుగుకోవలెను, పిల్లలను దూరంగా ఉంచవలెను.

చంద్రపూర్‌కు సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని నాగపూర్‌లో పశువైద్య కళాశాల ఉన్నది. దూరం వెళ్లవలసి వచ్చినపుడు బరువు రాసిన క్యాలెండరు పేజీలను వెంట తీసుకొనిపోవడం మేలు. చిలుక ఎన్ని మాటలు నేర్చినా తన బాధను చెప్పలేదు. ఆ కొన్ని అంకెలే దాని తరఫున వైద్యునికి చెబుతాయి.