బొత్తాం

ఓటింగ్ యంత్రం మీది బటన్‌ను మన పత్రికలు ‘మీట’ అని రాస్తాయి. కానీ మీటేది వీణ తీగను, బటన్‌ను నొక్కుతాం. పోర్చుగీసులో దీన్ని ‘బొతావ్’ అంటారు. చొక్కాకు కుట్టేదీ, యంత్రం మీద నొక్కేదీ, విచ్చని పూమొగ్గా మూడూ బొతావే. ఇంగ్లీషు బటన్‌కూ దీనికీ మూలం పాత ఫ్రెంచి ‘బొతోన్’. దాని వెనకున్న క్రియకు నెట్టడమని అర్థం; కొమ్మను నెట్టుకుని వచ్చేది మొగ్గ కదా! పోర్చుగీసు ఓడలతో వచ్చిన ఆ మాటే మన బొత్తాం, తమిళుల పొత్తాన్. అల్మారా, మేస్త్రి దాని తోబుట్టువులు. తమిళులు కంప్యూటర్ తెర మీది బటన్‌నూ పొత్తాన్ అనే అంటారు. మనం మాత్రం బొత్తాన్ని చొక్కా దగ్గరే ఆపేశాం. నొక్కేదానికి అంతకంటే తగిన పేరు లేదు. తెర మీదా ధైర్యంగా వాడుకుందాం.