కొనలేని పుస్తకం – చదువుకొనే హక్కు

పుస్తకంపై మక్కువ గలవారందరికీ దానిని కొనే స్తోమత ఉండదు. ఈ సత్యాన్ని గుర్తించి, పుస్తకాన్నే పాఠకుని చెంతకు చేర్చిన మహనీయుల కృషియే మన గ్రంథాలయోద్యమ చరిత్ర.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. ఆ సభకు సూత్రధారి అయ్యంకి వెంకటరమణయ్య గారు. తమిళ సీమలో 1931లో కనకసభై పిళ్ళై గారు మన్నార్‌గుడి పరిసర గ్రామాలకు ఎడ్లబండిపై పుస్తకాలు పంపారు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు సీమలో కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామాల మధ్య కాలువపై పడవ గ్రంథాలయాన్ని నడిపారు. బండి బాట ఉన్నచోట బండి, కాలువ ఉన్నచోట పడవ సరస్వతికి వాహనాలయ్యాయి.

అయితే దాతృత్వం దాత ఉన్నంతకాలమే నిలుస్తుంది. పుస్తక పఠనం దానంగా కాక, ప్రజల హక్కుగా స్థిరపడాలని ఆశించినవారు ఎస్.ఆర్. రంగనాథన్ గారు. 1924లో మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియైన ఆయన పెక్కేండ్లు పట్టు విడువక శ్రమించారు. ఆ శ్రమ ఫలితమే 1948 నాటి మదరాసు పౌరగ్రంథాలయ చట్టం. స్వతంత్ర భారతంలో ఇటువంటి చట్టాలలో ఇదే మొదటిది. ఆస్తి పన్నులో రూపాయికి అర్ధణా చొప్పున గ్రంథాలయ పన్ను విధించారు. ఆ అర్ధణా చెల్లించిన నాటినుండి గ్రంథాలయం దాత ఇల్లు కాదు, పాఠకుని సొంత ఇల్లు.

నాడు ఈ చట్టం నెల్లూరుకూ, బళ్ళారికీ, మదరాసుకూ ఒక్కటే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మదరాసు అందులో చేరలేదు. బళ్ళారి మైసూరుకు చెందింది. ఎందరో తెలుగు పాఠకులు సరిహద్దుకు ఈవల మిగిలిపోయారు. మరి తెలుగు పుస్తకం వారికి దూరమైనట్లేనా?

కాలేదు. 1954లో కేంద్రప్రభుత్వం పుస్తక సమర్పణ చట్టం తెచ్చింది. దేశంలో ఏ భాషలో పుస్తకం ప్రచురించినా, ముప్పది దినాలలో కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మరి మూడు గ్రంథాలయాలకూ ప్రకాశకుడే తన ఖర్చుతో ప్రతి పంపాలి. ఆ మూడింటిలో 1896లో వెలసిన మదరాసు కన్నెమరా గ్రంథాలయం ఒకటి. బొంబాయి కేంద్ర గ్రంథాలయం మరొకటి. ఆ విధంగా విజయవాడలో అచ్చయిన పుస్తకానికి సరిహద్దు దాటి రావలసిన విధి ఏర్పడింది. చెన్నైలోని తెలుగు బాలుడు దానిని కొననక్కరలేదు. ఆ మెట్లెక్కి అడిగితే చాలు.

అడగటమే అసలు సంగతి. చట్టం పుస్తకాన్ని బీరువా వరకే తెస్తుంది. బీరువా తెరిపించవలసింది పాఠకుడు. చదివే చేయి తాకని పుస్తకం ఏ భాషదైనా దుమ్ము పాలే. పరభాషా ప్రాంతంలో తెలుగు అక్షరాలు నేర్పే పాఠశాల చేసే మేలు ఇందులోనే ఉన్నది. పడవ నడిపినవారు, బండి తోలించినవారు, చట్టం తెచ్చినవారు తమ వంతు నెరవేర్చారు. తెలుగు పుస్తకం పేరు చీటీపై వ్రాసి అందించే విద్యార్థి ఆ కృషికి వారసుడు.